నాంచారమ్మ మార్కులు

1961 జూన్ 8, గురువారం

మధ్యాహ్నం బండికి చీరాల చేరాను. ఇంటి యజమానురాలు మస్తాన్‌బీ నా గది ఊడ్చి, కుండలో నీళ్లు పోసి ఉంచింది గానీ, నేను లేని నలభై రోజులూ తన కోడిని నా మంచం కిందే పొదగేసిందట. "పిల్లలు లేచినై బిడ్డా, రెండ్రోజుల్లో తీసేస్తాలే" అంది. ఇంతకీ ఈ గదిలో అద్దెకున్నది నేనో ఆ కోడో.

సోమవారం బడి తెరుస్తారు. రేపు టీచర్లందరం వెళ్లి బీరువాలు సర్దుకోవాలి. జూలై నెలాఖరుకు నా రెండేళ్ల ప్రొబేషను పూర్తవుతుంది. బండి కదులుతున్నా నాన్న కిటికీ ఊచ వదల్లేదు. "దేవకుమారీ, పర్మనెంటు కాగానే ఒక కార్డు ముక్క రాయమ్మా" అని పరిగెత్తినంత పని చేశాడు. ముప్పయ్యేళ్లు మిషను ఎలిమెంటరీ బడిలో పాఠం చెప్పిన మనిషి. జక్రయ్య మాస్టారి కూతురు హైస్కూల్లో లెక్కలు చెబుతోందని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట నిలబడి అందరికీ చెబుతుంటాడు. పర్మనెంటు అయిపోయిందని కూడా అప్పుడే చెప్పేశాడేమో. అడగలేదు.

జూన్ 9, శుక్రవారం

బీరువా సర్దాను. చెదలు లేవు. పాత జవాబు కాగితాల కట్టలు పై అరలో పెట్టాను.

మా హెడ్మిస్ట్రెస్ మదర్ రోసలీన్ వరండా ఆ చివర నుంచే కేకేసింది. "ఏం అమ్మాయ్, ఎండకి నల్లబడి వచ్చావ్! మాగాయ తెచ్చావా, చేతులూపుకుంటూ వచ్చావా?" ఆమె పుట్టింది గుంటూరు పైన మిరప చేలున్న ఇంట్లో. తల మీద ముసుగు వేసుకున్నా, గొంతు మాత్రం కల్లంలో కూలీలను పిలిచే గొంతే.

తలనొప్పిగా ఉంది. ఇవాళ్టికి ఇంతే.

జూన్ 10, శనివారం

నిన్న రాయనిది రాస్తాను.

ఐదో ఫారం వార్షిక పరీక్ష లెక్కల కట్ట కింద పడింది. ఏరుతుంటే పుల్లమ్మ అనే పిల్ల కాగితాల మధ్య ఒక విడి కాగితం కనిపించింది. పరీక్షలో చాలకపోతే అడిగి తీసుకునే అడిషనల్ కాగితం. రెండు వైపులా రేఖాగణితం. పైన నంబరు చూశాను, పదిహేడు. పదిహేడు పుల్లమ్మది కాదు. నాంచారమ్మది.

నాంచారమ్మకు నేను లెక్కల్లో ఇరవై ఎనిమిది వేశాను. ముప్పయ్యైదు రావాలి. తక్కిన అన్నిటిలో గట్టెక్కింది. లెక్కల్లో పోయింది కాబట్టి ఆరో ఫారానికి పంపకుండా ఐదులోనే ఉంచేశాం.

ఈ కాగితం మీద ఎర్ర సిరా చుక్కయినా లేదు. బీరువా తలుపు చాటున నిలబడి పెన్సిలుతో దిద్దాను. సిద్ధాంతానికి ఆరు. దాని మీద ఇచ్చిన రైడరు లెక్క సగం చేసింది, మూడు. నిర్మాణానికి రెండు. మొత్తం పదకొండు. ఇరవై ఎనిమిదీ పదకొండూ ముప్పయ్యొమ్మిది.

దారం ఊడిపోయి ఉంటుంది. గట్టిగా కట్టుకోవలసింది పిల్లలే. పరీక్ష హాల్లో ప్రతిసారీ చెబుతూనే ఉంటాం.

కాగితాన్ని బైబిలులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అక్కడ వదిలేస్తే చెదలు పడతాయని.

జూన్ 12, సోమవారం

బడి తెరిచారు. ముందు గుళ్లో కొత్త సంవత్సరపు పూజ. కేథలిక్కు పద్ధతి, అంతా లాటిను. హిందూ పిల్లలు వరండాలో బుద్ధిగా కూర్చుంటారు, వాళ్లకు ఏ చిక్కూ లేదు. మా తెలుగు పండితురాలు సుబ్బరావమ్మగారు గుమ్మం అవతల నిలబడి హాయిగా ఆవులిస్తుంది, ఆమెకూ లేదు. చిక్కంతా నాకే. క్రీస్తు బిడ్డనే గానీ వాళ్ల గుడి బిడ్డను కాను. చివరి బెంచీ దగ్గర నిలబడ్డాను. అందరూ మోకరించినప్పుడు తల మాత్రం వంచాను. ఏం ప్రార్థించానో గుర్తు లేదు.

ఐదో ఫారం హాజరు పిలిచాను. పాత పిల్లలు నలుగురు ఉన్నారు, చిన్నవాళ్ల మధ్య మోకాళ్లు ఇమడక కూర్చున్నారు. నాంచారమ్మ పేరు పిలిచి ఆగాను. ఎవరూ పలకలేదు. పిలిచేటప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది.

మొదటి రోజు ఎలాగూ సగం మంది రారు.

జూన్ 13

రాలేదు.

జూన్ 16, శుక్రవారం

రాలేదు. పద్మశాలీల పిల్ల. తండ్రి పేరు పానకాలు, నేతపని. వాళ్ల ఇంట్లో ఐదో ఫారం దాకా వచ్చింది ఈ పిల్లొక్కతే.

ఆలోచిస్తే ఒక ఏడాది మళ్లీ చదవడం దానికే మంచిది. పునాది గట్టిపడుతుంది. అత్తెసరు మార్కులతో ఆరుకు వెళ్లినవాళ్లు పబ్లిక్ పరీక్షలో తప్పుతున్నారు, చూస్తూనే ఉన్నాం. పైగా ఆ పదకొండు నేను కాస్త ఉదారంగా వేసినవి. కాగితం తీసి కఠినంగా మళ్లీ దిద్దాను.

పన్నెండు వచ్చాయి.

జూన్ 20, మంగళవారం

స్టాఫ్ రూములో సుబ్బరావమ్మగారూ నేనే ఉన్నాం. "మా స్నేహితురాలొకామె ఉందండీ, నెల్లూరు వైపు బడిలో..." అని మొదలుపెట్టాను. ఆమెకు ఇలా ఒక కాగితం దొరికిందనీ, ఏం చెయ్యమంటారని నన్ను ఉత్తరంలో అడిగిందనీ చెప్పాను.

ఆవిడ గ్లాసులో కాఫీ చల్లారుస్తూ అంతా వింది.

"మీ స్నేహితురాలికి ఉద్యోగం ఖాయమైందా?"

"ఇంకా లేదండి. వచ్చే నెల."

"అయితే ఖాయమయ్యాక చెప్పమను. అప్పుడు ఎవరూ పీకెయ్యలేరు."

"అప్పటికి ఆరో ఫారం జాబితా ఇన్‌స్పెక్ట్రెస్ ఆఫీసుకు వెళ్లిపోతుందండి. ఆ తరవాత ఆ పిల్ల పేరు చేర్చరు."

"మరింకేం. చెప్పినా లాభం లేనప్పుడు చెప్పడం దేనికీ?" కాఫీ తాగేసింది. గ్లాసు కింద పెట్టి, నావైపు చూడకుండా అడిగింది. "నెల్లూరు స్నేహితురాలి పిల్ల బడికొస్తోందా?"

"రావడం లేదండి."

"ఊఁ" అంది. ఆవిడకు తెలిసిపోయింది.

జూన్ 25, ఆదివారం

ఆరాధన అయ్యాక నేతవాళ్ల వీధికి వెళ్లాను. బడికి రాని పిల్లల ఇళ్లకు టీచర్లు వెళ్లడం మామూలే.

వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. పానకాలు గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. నన్ను చూసి లేచి వసారాలో పీట వేశాడు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగాడు. చెప్పాను. ఇంకేమీ అడగలేదు. నాంచారమ్మ మూలన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లేచి మంచినీళ్లు తెచ్చి, గ్లాసు కింద పెట్టకుండా నా చేతికే ఇచ్చి, వెళ్లి మళ్లీ కూర్చుంది. తాగాను.

"పిల్లను బడికి పంపడం లేదేమండీ?"

"ఎందుకు పంతులమ్మగారూ? పోయినేడు ఎక్కని లెక్కలు ఈయేడు ఎక్కుతయ్యా? ఉత్త మొద్దు. ఆ మొద్దుని చదివించాలనుకున్నా చూడు, నన్ననాలి." మగ్గం వైపు చెయ్యి చూపించాడు. "ఇదైతే ఎవళ్లూ తప్పించరు. నేసినంత నేత."

రాట్నం ఆగలేదు.

"మరీ అంత తక్కువేం రాలేదండీ" అన్నాను.

"ఎంతొచ్చినా తప్పింది తప్పిందేగా."

వీధి మలుపు దాకా వచ్చాక వెనక అడుగుల చప్పుడు. గొడుగు మరిచిపోయానట, తెచ్చింది. తీసుకుని నిలబడ్డాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"పరీక్షనాడు అడిషనల్ కాగితం గట్టిగా కట్టావా?"

నా మొహంలోకి చూసింది. "కట్టానండి. ఏం?"

"ఊరికే. అప్పుడప్పుడు ఊడిపోతుంటాయి."

"నేనేసిన ముడి ఊడదు టీచర్. రోజుకి వెయ్యి పోగులు అతుకుతాం." కాసేపు నిలబడింది, నేనింకేమైనా అంటానేమోనని. ఎండ బాగా ఉందని చెప్పి వచ్చేశాను.

జూలై 3

వాన. ఏమీ లేదు.

జూలై 8, శనివారం

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అలాంటప్పుడు దీనిలో కూడా అబద్ధం రాయడమెందుకు?

విడి కాగితం అని రాశాను. విడిగా లేదు. పుల్లమ్మ కాగితాలతో కలిపి కట్టి ఉంది. ఆ ముడి నాది.

ఏప్రిల్‌లో ఆ శనివారం టీచర్లందరం వాడరేవు సముద్రానికి వెళదామనుకున్నాం. శుక్రవారానికి నా కట్ట సగం కూడా కాలేదు. రేఖాగణితం అందరిదీ ఒకేసారి దిద్దితే చెయ్యి తిరుగుతుందని అందరి దారాలూ విప్పేశాను. అడిషనల్ కాగితాలన్నీ ఒక కుప్ప పోశాను. దిద్ది, ఎవరివి వాళ్లకు మళ్లీ కట్టాను. రెండు కాగితాలు అంటుకుని ఒకటిగా వచ్చి ఉంటాయి. లెక్క పెట్టలేదు. పై కాగితం నంబరే చూశాను. తెల్లారి బండి ఎక్కాలి.

వాడరేవులో ఇసుక మీద వేయించిన చేపలు తిన్నాం. సుబ్బరావమ్మగారు మాకు దూరంగా పులిహోర తింటూ జోకులు వేసింది. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

జూన్ తొమ్మిదినే ఇదంతా గుర్తొచ్చింది. అప్పుడే.

జూలై 14, శుక్రవారం

అన్నం ఉడుకుతుండగా ఆ కాగితం పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాను. "ఏం ఉత్తరం బిడ్డా, అంతసేపు చదువుతున్నావు?" అంది మస్తాన్‌బీ. మడిచి బైబిలులో పెట్టేశాను. అన్నం మాడింది.

జూలై 19

ఐదో ఫారంలో హాజరు పిలిచేటప్పుడు నాంచారమ్మ పేరు దగ్గరికొచ్చేసరికి దగ్గు వస్తోంది. పిల్లలు కనిపెట్టారు.

జూలై 24, సోమవారం

మదర్ పిలిచింది. బల్ల మీద టైపు చేసిన కాగితం. నా ఖాయం ఉత్తర్వు.

"చదువుకో. నీ పేరులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. ఇంగ్లీషులో దేవకుమారికి దీర్ఘం ఎక్కడ పెట్టాలో నాకు తెలిసి చావదు."

సరిగ్గానే ఉన్నాయన్నాను.

"రెండేళ్లలో నీ మీద ఒక్క మాట రాలేదమ్మాయ్. మీ శాఖ వేరని కమిటీలో ఒకాయన నసిగాడు. నేనొకటే అన్నా. ఆ పిల్ల మార్కులు చూడండయ్యా, త్రాసులో తూచినట్టుంటాయ్, ఎవరి మొహమూ చూసి వెయ్యదు అన్నా. నోరు మూశాడు. రేపు సంతకం పెట్టి ఇస్తా."

వందనాలు చెప్పి బయటికొచ్చాను. వరండాలో స్తంభం పట్టుకుని నిలబడితే ఎవరో పిల్ల, "టీచర్, నీళ్లు తేనా?" అంది. వద్దన్నాను.

జూలై 25, మంగళవారం

చెప్పాను.

మొదటి గంట కాకముందే వెళ్లి కాగితం ఆమె బల్ల మీద పెట్టాను. వాడరేవుతో సహా అంతా చెప్పాను. నిలబడే చెప్పాను, ఆమె కూర్చోమనలేదు.

కళ్లజోడు పెట్టుకుని రెండు వైపులా చూసింది. "ఇది నీకు దొరికిందెప్పుడు?"

"జూన్ తొమ్మిదో తారీఖున, మదర్."

"ఇవాళ?"

"జూలై ఇరవై అయిదు."

వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. "నలభై ఆరు రోజులు. చూడు అమ్మాయ్, ఏప్రిల్‌లో చేసింది తొందరపాటు. నేనూ చేశాను, ఎవరైనా చేస్తారు. ఈ నలభై ఆరు రోజులూ చేసిందేంటి? దానికి పేరేంటి?"

కళ్లజోడు తీసి కాగితం మీద పెట్టింది.

"మీవాళ్లలో ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం లేదు కదా. ఇంట్లో కూర్చుని దేవుడికి చెప్పుకుంటే సరిపోయేది. నా దగ్గరికి ఎందుకొచ్చావ్?"

"దేవుడికి రోజూ చెబుతూనే ఉన్నానండి. ఆయన జాబితా మార్చడు కదా, మదర్."

ఆమె పెదవి కదిలింది. నవ్వో కోపమో తెలియలేదు. నా ఉత్తర్వు తీసి సొరుగులో పెట్టి మూసింది.

"రేపు సాయంత్రం ఆ ఇంటికి వెళదాం. నీ పక్కన నిలబడతా, అంతే. నోరు విప్పను. చెప్పాల్సింది నువ్వు."

జూలై 26, బుధవారం

వెళ్లాం. మదర్ తెల్ల బట్టలు చూసి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. పానకాలు మగ్గంలోంచి లేవబోతే, కూర్చోమన్నాను. లేచాడు.

వీలైనంత తక్కువ మాటల్లో చెప్పాను. నాంచారమ్మ కాగితం ఒకటి నా చేతిలోనే కలిసిపోయిందనీ, దిద్దకుండానే మార్కులు వేశాననీ, తప్పు పిల్లది కాదు నాదేననీ.

"అంటే మా పిల్ల ప్యాసయిందా?"

"అయిందండి."

"ఎప్పుడు?"

"ఏప్రిల్‌లోనే."

భుజం మీద కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. మదర్ వైపు చూశాడు. ఆమె అన్నట్టే నోరు విప్పలేదు. మళ్లీ నావైపు తిరిగాడు.

"మూణ్ణెల్ల నించీ దాన్ని మొద్దూ మొద్దూ అంటన్నానండీ. కంచం ముందు కూర్చున్నప్పుడు కూడా అన్నా. చుట్టాల్లో అన్నా. ఎదురుచెప్పలేదు, నిజమే కాబోలనుకుంది. ఇప్పుడు ఆ మాటలన్నీ ఎవరు ఎనక్కి తీసుకుంటారు? మీరు తీసుకుంటారా?"

"తీసుకోలేనండి."

"మరి?"

ఆరో ఫారంలో చేర్చుకుంటామనీ, పోయిన పాఠాలు నేనే చెబుతాననీ అన్నాను. అతను వినలేదు. కూతురి కోసం చూస్తున్నాడు.

నాంచారమ్మ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. చేతినిండా పోగుల రంగు.

"మా ఇంటికొచ్చారే ఆదివారం, అప్పటికి మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే మా మంచినీళ్లు తాగారా?"

తల దించుకున్నాను. తిరిగి వచ్చాం. బడి గేటు దగ్గర మదర్, "ఇంటికి పోయి ఏదైనా తిను" అంది.

జూలై 31, సోమవారం

జాబితా వెళ్లింది. టైపు చేసిన పేర్ల కింద నాంచారమ్మ పేరు మదర్ సిరాతో రాసి, పక్కన తన సంతకం పెట్టింది. పిల్ల వస్తుందో రాదో తెలియదు. తండ్రి ఏ సంగతీ చెప్పలేదు.

నా ప్రొబేషను ఇంకో ఏడాది పొడిగించారు. తీసేయలేదు. ఎక్కువ మాట్లాడుకునే పని పెట్టకుండా సుబ్బరావమ్మగారు నా బల్ల మీద రెండు అరిసెలు పెట్టి వెళ్లింది.

నాన్నకు ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. దేన్నీ దాచలేదు.

ఆగస్టు 5, శనివారం

నాన్న దగ్గర నుంచి కార్డు. నాలుగు వాక్యాలే.

"ఉత్తరం అందింది. బుధవారం ప్రార్థన అయ్యాక చర్చి బయట, మా అమ్మాయి ఉద్యోగం ఇంకో ఏడాదికి గానీ పర్మనెంటు కాదని చెప్పాను. ఎందుకని అడిగితే తప్పు తనదేనన్నాను. ఆ పిల్ల మళ్లీ బడికి వచ్చిందా?"

ఎక్కడైనా కోపం కనబడుతుందేమోనని పదిసార్లు చదివాను. ఉంటే ఆ చివరి ప్రశ్నలో ఉంది.

ఆగస్టు 7, సోమవారం

వచ్చింది.

పానకాలు గేటు దాకా తీసుకొచ్చాడు, లోపలికి రాలేదు. ఆరో ఫారంలో చివరి బెంచీలో కూర్చుంది. నేను లోపలికి వెళ్లగానే అందరూ లేచారు, అదీ లేచింది. ఎనిమిది వారాల పాఠాలు పోయాయి. రోజూ ప్రార్థనకు ముందు ముప్పావుగంట చెబుతాను, రమ్మన్నాను.

"మదర్ చెబితే వస్తాను."

మదర్ చెప్పింది.

ఆగస్టు 22

రోజూ వస్తుంది. చెప్పింది రాసుకుంటుంది. అర్థమైందా అంటే తల ఊపుతుంది, కాలేదా అన్నా అలాగే ఊపుతుంది. కళ్లు మాత్రం పుస్తకం మీద నుంచి ఎత్తదు. నేను సరదాగా ఏదైనా అంటే కలం మూత పెట్టి, ఆ మాట అయిపోయేదాకా ఆగుతుంది.

నాకు ఇది ఏ మాత్రం కష్టంగా లేదు.

ఆగస్టు 30

కష్టంగా ఉంది.

సెప్టెంబరు 16, శనివారం

మూడు నెలల పరీక్ష కాగితాలు దిద్దాను. ఒక్కో పిల్లవీ మొదటి నుంచి చివరిదాకా, ఏ దారమూ విప్పకుండా. కూడికలు రెండుసార్లు చూశాను. మూడు రోజులు పట్టింది.

నాంచారమ్మకు యాభై రెండు. బీజగణితం ఐదో లెక్కలో జవాబు రాలేదు గానీ, మెట్లు చాలా శుభ్రంగా ఉన్నాయి. నాలుగు వేశాను. వెయ్యవచ్చు.

సెప్టెంబరు 18, సోమవారం

చివరి గంట ఆరో ఫారం. కాగితాలు పంచాను. ఈ ఏడు ఆరో ఫారం పిల్లలందరూ తమ మార్కులు తామే కూడుకుంటున్నారు, నేను వద్దనడం లేదు. గది నిండా గొణుగుడు. కాసేపటికి చివరి బెంచీలో నాంచారమ్మ లేచి నిలబడింది. గొణుగుడు ఆగిపోయింది.

"టీచర్, నాకు రెండు మార్కులు ఎక్కువేశారు."

"ఎక్కడ?"

కాగితం తీసుకుని నా బల్ల దగ్గరికి నడిచొచ్చింది. పక్క పిల్ల సామ్రాజ్యం కాగితం కూడా చేతిలో ఉంది. రెండూ పక్కపక్కన పరిచింది.

"ఐదో లెక్క. నాదీ తప్పే, సామ్రాజ్యానిదీ తప్పే. ఇద్దరం ఒకచోటే పోయాం. తనకి రెండేశారు, నాకు నాలుగు."

"నీ మెట్లు శుభ్రంగా..."

"తనవీ అవే మెట్లు."

చూశాను. అవే మెట్లు. నలభై మంది చూస్తున్నారు.

"కొట్టెయ్యండి" అంది.

నాలుగు కొట్టేసి రెండు వేశాను. యాభై రెండు కొట్టేసి యాభై రాశాను. పక్కన సంతకం చేశాను. కాగితం అందుకుంది గానీ వెళ్లలేదు. ఆగస్టు ఏడు నుంచి ఇవాళ్టిదాకా నన్ను తనంతట తాను ఒక్క మాటా అడగని పిల్ల, ఆ లెక్క మీద వేలు పెట్టి అడిగింది.

"ఎక్కడ తప్పిందో మా ఇద్దరికీ తెలీడం లేదు. బోర్డు మీద చేస్తారా?"

సుద్దముక్క తీసుకున్నాను. రెండో మెట్టు రాస్తుండగా గంట కొట్టారు. అందరూ సంచులు భుజాన వేసుకుని లేచారు. వెనక్కి తిరిగి చూస్తే, నాంచారమ్మ మొదటి బెంచీలో ఖాళీ అయిన చోట కూర్చుని, కలం మూత తీసింది.